ఏడు మీటర్ల ట్రెయిలర్

అత్‌బాషి
1998 జూన్ 4

అక్కా,

సలాం. నువ్వూ, నీ యార్డూ, యార్డులో వెల్డింగ్ చేసే ముసలాళ్ళూ, ఆ కరిచే కుక్కా అందరూ క్షేమమే అనుకుంటాను. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. గుర్రాలు కొండ మీదికి మేతకి పోయాయి. గుర్రపుపాల కుమిస్ ఇప్పుడిప్పుడే పులుస్తోంది. మొదటి తిత్తి నీకే పంపిద్దామంటే ఆ మినీబస్సు డ్రైవర్ దారిలోనే ఖాళీ చేసేస్తాడు, వాడి సంగతి నీకు తెలిసిందే. నీ మరదలు జీపార్‌కి నడుంనొప్పి తగ్గింది. మా ఐబెక్‌గాడు ఇప్పుడు జీను లేకుండానే గుర్రం ఎక్కేస్తున్నాడు.

అసలు విషయానికొస్తా. నాకో చదును ట్రెయిలర్ కావాలి, బండ్లు ఎక్కించేది. పక్కింటి కచ్కిన్ దగ్గర కమాజ్ లారీ ఉంది కదా, దానికి తగిలించుకుంటాం. ఇక్కడ కార్లకి గిరాకీ పెరిగింది. నగరం నుంచి పాత కార్లు తెచ్చి అమ్ముకుంటే నాలుగు రాళ్ళు మిగులుతాయి. బల్ల ఏడు మీటర్లు ఉండాలి. చెక్కలు మందంగా వెయ్యి. ఎక్కించే పలకలు పొడుగ్గా, వాలు తక్కువగా ఉండాలి. మంచు పడేలోపు కావాలి.

నువ్వు తప్ప నాకెవరున్నారు చెప్పు?

నీ తమ్ముడు
మెలిస్

కారా-బల్తా
1998 జూన్ 15

ఒరే మెలిస్,

బతికే ఉన్నావన్నమాట. నూరూజ్ పండక్కి కూడా ఒక్క ముక్క రాయలేదు, ఇప్పుడు పని పడేసరికి అక్క గుర్తొచ్చింది. నీ మొహం మండ. జీపార్‌కి నా ముద్దులు చెప్పు. నడుంనొప్పి దానంతటది తగ్గలేదు, నేను పంపిన ఎలుగుబంటి కొవ్వు రాసుకుంది కాబట్టి తగ్గింది. ఆ మాట రాయడానికి నీ చెయ్యి రాలేదు.

ట్రెయిలర్ సంగతి. ఇక్కడికొచ్చే ప్రతివాణ్ణీ నేను ముందు అడిగేది ఒకటే: ఏం ఎక్కిస్తావ్? పొడుగు మాట ఆ తర్వాత. నువ్వేమో తిరగేసి చెప్తున్నావు. ఆ పెద్ద ఆడి కారుంది చూడు, మీ ఊళ్ళో అందరూ ఎగబడేది, అది నాలుగు మీటర్ల ఎనభై. దానికి ఐదున్నర మీటర్ల బల్ల దండి. రెండు కార్లంటే పది కావాలి. ఏడంటే ఒకటికి ఎక్కువ, రెండుకి తక్కువ. కారెక్కించాక వెనక మిగిలిన చోట ఏం చేస్తావురా, పెళ్ళాన్ని కూర్చోబెట్టి టీ కాయిస్తావా?

నవ్వులాట కాదు. పొడుగు ఎక్కువైతే మీ ఊరి దారిలో దొలోన్ కనుమ మలుపుల్లో వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ పోయి అంచు దాటేస్తాయి. తక్కువైతే ఎక్కించిన బండి తోక బయటికి వేలాడుతుంది, ట్రెయిలర్ ముక్కు పైకి లేస్తుంది, లాగే లారీకి పట్టు పోతుంది. రెండు రకాలుగా పోయినవాళ్ళనీ చూశాను. అందుకని మర్యాదగా చెప్పు, ఏం ఎక్కిస్తావ్?

నా నీలం బండి ఎలా ఉంది? తార్పాలిన్ చిరిగితే కొత్తది కప్పమని పోయినేడు చెప్పాను. కప్పావా? సమష్టి వ్యవసాయ క్షేత్రం పంచుకున్న రోజు అందరూ గొర్రెలు తోలుకుపోతుంటే నాన్న మాత్రం తను ఇరవయ్యేళ్ళు తోలిన ఆ జిల్ లారీనే వాటాగా తెచ్చుకున్నాడు. అమ్మ నెల్లాళ్ళు మాట్లాడలేదు. పోయేముందు నీ ఎదుటే నా చెయ్యి పట్టుకుని "బండి షార్కన్‌ది" అన్నాడు. ఆడపిల్లకి తండ్రి వాటా ఇవ్వడం మనలో ఎక్కడా లేదు, అయినా అన్నాడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు దాని స్టీరింగు పట్టించింది ఆయనే కదా. ఇంజిన్ పగిలి ఆరేళ్ళు. ఇంజిన్ దొరికిన రోజు వచ్చి తెచ్చుకుంటాను. అందాకా దాన్ని కోళ్ళగూడు చేశావంటే ఊరుకోను.

నీ అక్క
షార్కన్

అత్‌బాషి
1998 జూలై 2

అక్కా,

నీ ఉత్తరం జీపార్‌కి చదివి వినిపించాను. టీ కాయించే చోట పొట్ట పట్టుకుని నవ్వింది. కొవ్వు మాట మరిచిపోయాను, అల్లా మీద ఒట్టు, దానివల్లే తగ్గింది.

నువ్వు చెప్పినవన్నీ నిజమే. కానీ నాకు ఏడే కావాలక్కా. ఆరున్నర చాలదు. ఎనిమిది వద్దు, మా సందు మలుపు తిరగదు. అన్నీ చిన్న కార్లే ఉండవు కదా, ఒక్కోసారి పెద్దవీ వస్తాయి. నాలుగు టన్నులు, ఇంకొంచెం ఎక్కువైనా ఆగేట్టు ఇరుసులు వెయ్యి. ఇంకోటి, ఎక్కేది తనంతట తను కదలని బండి అనుకో. చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయనుకో. ముందు నుంచి తాడేసి లాగడానికి చేత్తో తిప్పే చక్రమొకటి బిగించు.

నీలం బండి అక్కడే ఉంది. ఎక్కడికి పోతుంది?

ఇంటి పైకప్పు రెండుచోట్ల కారుతోంది. ఐబెక్‌కి ఏడేళ్ళొచ్చాయి, సున్తీ వేడుక చెయ్యలేదని పెద్దవాళ్ళు ఎదురుపడినప్పుడల్లా దెప్పుతున్నారు. నాన్న మనవడికి సాదాసీదాగా చేస్తే ఊరు నవ్వుతుందట. నీకు ఇవన్నీ రాసి విసిగిస్తున్నాను.

నీ తమ్ముడు
మెలిస్

కారా-బల్తా
1998 జూలై 20

ఒరే దొంగవెధవా,

నాకర్థమైపోయింది!

నీ ఉత్తరం పట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఏడు మీటర్లు, నాలుగు టన్నులు, బిగుసుకుపోయిన చక్రాలు. ఇదేం కారురా బాబూ అనుకున్నాను. నిన్న మా వీధి చివర పిండిమర వాళ్ళ లారీ ఆగి ఉంటే టేపు పట్టుకుని వెళ్ళి, ముందు బంపర్ నుంచి తోక దాకా కొలిచాను. ఆరు మీటర్ల అరవై ఏడు. మర యజమాని బయటికొచ్చి "ఏంటమ్మా, మా బండికి కోటు కుట్టిస్తున్నావా?" అన్నాడు. నేను అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. పాపం భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ బండి పేరు రాయను. నువ్వు దాచావు కదా, దాచుకో. కార్ల వ్యాపారమట, కార్ల వ్యాపారం! చిన్నప్పుడు కూడా నీకు అబద్ధం చెప్పడం వచ్చేది కాదు, చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు కాగితం మీద కూడా కనిపిస్తున్నాయి. నేనేమీ అడగను, నీ ఇష్టప్రకారమే కానీ. నాన్న చూసుంటే ఎంత సంతోషించేవాడో. నాన్న ఇల్లు దక్కిన కడగొట్టువాడివని, నీకు మన పొయ్యి తప్ప మరేం పట్టదని నిన్ను తిట్టుకున్న రోజులున్నాయి. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

యార్డులో పడమటి మూల ఖాళీ చేయించాను, ఎందుకని అడగకు. నువ్వు ఒకటి దాస్తే నేనూ ఒకటి దాచాను. గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి, షెడ్డులో పెట్టి తాళం వేశాను. సంవత్సరం పట్టింది దొరకడానికి. నువ్వు చూపించినప్పుడు నేనూ చూపిస్తా.

ఇరుసులు నడిమికి కాస్త వెనగ్గా వేస్తున్నాను, బరువు ముందుకి ఉండాలి, లేకపోతే కొండ దిగేటప్పుడు తోక ఊగుతుంది. బల్లకి గట్టిదని లార్చ్ చెట్టు చెక్క తెప్పించాను. ముసలి గ్రిగోరీ అంటాడూ, "మీ తమ్ముడి కోసమా, మీ పెళ్ళి కోసమా ఇంత నగిషీ?" అని. వెల్డింగు సుత్తి పెట్టి కొట్టబోయాను.

డబ్బు మాట ఎత్తావంటే చంపుతాను.

అక్క

అత్‌బాషి
1998 ఆగస్టు 9

అక్కా,

ఏమని రాయాలో తెలియడం లేదు. నీ ఉత్తరం చదివి జీపార్ ఏడ్చేసింది. నేనూ తూర్పు గోడవైపు తిరిగి నిలబడ్డాను, ఐబెక్ చూడకుండా. నీకు ఎలా చెప్పాలా అని వేసవంతా నలిగిపోయాను. కోపం వస్తుందనుకున్నాను. నువ్వేమో కొలత చూసి నీ అంతట నువ్వే తెలుసుకుని, నీ ఇష్టప్రకారమే కానీ అన్నావు. నీ మనసంత మనసు ఈ లోయలో ఎవరికీ లేదు.

ఎన్నాళ్ళని అలా తుప్పు పట్టనిస్తాం? ఏదో ఒకటి చెయ్యాలి కదా. పెద్దవాళ్ళు కూడా అదే అన్నారు.

నేను రావడం కుదరదు, గడ్డి కోతలు. సెప్టెంబరు రెండో వారంలో కచ్కిన్ గోధుమపిండి కోసం అటు వస్తాడు. ట్రెయిలర్ వాడికి తగిలించి పంపు. ఐబెక్ వేడుక అక్టోబరులో పెట్టుకున్నాం. నువ్వు రావాలి. నువ్వు రాకపోతే అది వేడుకే కాదు.

నీ తమ్ముడు
మెలిస్

కారా-బల్తా
1998 సెప్టెంబర్ 12

మెలిస్, నా బంగారం,

కచ్కిన్ లారీకి ట్రెయిలర్ తగిలించి, కదిపి చూసి, పిన్ను గుచ్చి, ఇప్పుడే కూర్చున్నాను. వాడు లోపల సూప్ తాగుతున్నాడు. వాడు మూడో గిన్నె అడిగేలోపు ఇది రాసి వాడి చేతిలో పెట్టాలి.

ఇంక దాపరికం నావల్ల కాదు, పేరు రాసేస్తున్నాను. నాన్న నీలం బండిని నా దగ్గరికి తెస్తున్నావు. నాకు తెలుసు. ఏడు మీటర్ల బల్ల మీద అది ఎలా కూర్చుంటుందో రోజూ ఊహించుకుంటూ చేశాను. ముందు జానెడు లోపే, వెనక జానెడు లోపే మిగులుతుంది, అంతే. నా జన్మలో ఇంత సరిగ్గా కుదిరిన ట్రెయిలర్ చెయ్యలేదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. కచ్కిన్‌కి లారీ నడపడం వచ్చు గానీ ఎక్కించినదాన్ని కట్టడం రాదు. ముక్కు ముందుకి పెట్టి ఎక్కించండి. బల్లకి నాలుగు రింగులు వేశాను, బండి ఇరుసుల మధ్య దూరం కొలిచి మరీ వేశాను. వెనక గొలుసులు తిన్నగా కట్టకు, అడ్డంగా కట్టు. కుడి చక్రం దగ్గర్నించి ఎడమ రింగుకి, ఎడమ దగ్గర్నించి కుడి రింగుకి. అప్పుడు పక్కకి జరగదు. గొలుసు తగిలే ప్రతి చోటా పాత కంబళి ముక్క మడిచి పెట్టు. నాన్న చివరిసారి వేసిన నీలం రంగు గీరుకుపోకూడదు. పిచ్చిదాన్ననుకో, పెట్టు. అమ్మ నేసిన ఆ చిరిగిన దుప్పటి ఉందిగా, అది కత్తిరించుకో.

దొలోన్ కనుమ మీద పగలే రండి. దిగేటప్పుడు రెండో గేరు వదలొద్దు.

షెడ్డులో దాచింది ఇంజిన్ రా. దాని ఇంజినే, పెట్టెలోంచి తీసింది, కొత్తది. చెప్పకూడదనుకున్నాను, ఆగలేకపోయాను. నువ్వు యార్డు గేటులోకి వచ్చే రోజు ఆవిరి మీద ఒరోమో చుట్టలు వండుతాను, గుమ్మడికాయ వేసి, నీకు ఇష్టమైనట్టు.

కచ్కిన్ మూడో గిన్నె అడుగుతున్నాడు.

నీ అక్క

కారా-బల్తా
1998 అక్టోబర్ 6

మెలిస్,

మూడు వారాలైంది. దొలోన్ మీద మంచు పడిందని బస్సువాళ్ళు అంటున్నారు. వాన పడ్డ ప్రతిసారీ గేటు చప్పుడవుతున్నట్టే ఉంది. గుమ్మడికాయ కుళ్ళిపోతే ఇంకోటి కొన్నాను. అందరూ క్షేమమేనా? కచ్కిన్ లారీకి ఏమన్నా అయిందా? ఒక్క ముక్క రాయరా.

అక్క

అత్‌బాషి
1998 అక్టోబర్ 21

అక్కా,

ఐబెక్ వేడుక బాగా జరిగింది. మూడు గుడారాలు వేశాం, గుర్రపు పందెం పెట్టాం. ఊరంతా తిని మెచ్చుకుంది. నువ్వు రాలేదని అందరూ అడిగారు.

ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు ఆగాను. నువ్వు పొరబడ్డావక్కా. బండి ఇనుము కొనేవాళ్ళకి ఇచ్చేశాను, సెప్టెంబరు నెలాఖరులో. సరిహద్దు దగ్గర వాళ్ళ యార్డుకి మనమే చేరిస్తే మంచి ధర ఇస్తారు, అందుకే ట్రెయిలర్ కావాలన్నాను. నీకు తెలిసిందనే అనుకున్నాను. "నీ ఇష్టప్రకారమే కానీ" అని నువ్వే రాశావు. నువ్వు సెప్టెంబరులో రాసిన ఉత్తరం కచ్కిన్ కోటు జేబులో ఉండిపోయింది. వాడు మరిచిపోయి వేడుక అయ్యాక ఇచ్చాడు. చదివితే గుండె ఆగిపోయింది. ముందే అంది ఉంటే నేను అలా చేసేవాణ్ణా?

పెద్దవాళ్ళు ఏమన్నారంటే, ఇంటి ఆవరణలో నిలబడిందల్లా పొయ్యి నిలబెట్టే కడగొట్టు కొడుకుదే. ఆడపిల్ల ఇంకో ఇంటి మనిషి. నాన్న ఏదో జ్వరంలో అన్న మాట. నేను వాళ్ళ ముందు నోరెత్తలేకపోయాను. ఇంటి పైకప్పు కూడా వేయించాను, ఇప్పుడు చుక్క కారడం లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నీ ట్రెయిలర్ లాంటిది నేనెక్కడా చూడలేదు. కొలిచినట్టు కూర్చుంది, ముందు జానెడు లోపు, వెనక జానెడు లోపు. వెనక గొలుసులు అడ్డంగా బిగించాం, చెక్కు చెదరలేదు. కంబళి ముక్కలు పెట్టి కట్టాం కాబట్టి రంగు మీద గీత కూడా పడలేదు. ఇనుము యార్డువాడు చూసి ఇంత శుభ్రంగా తెచ్చినవాడు ఇంకొకడు లేడన్నాడు.

మినీబస్సు డ్రైవర్ చేత నీ వంతు పంపుతున్నాను. వేడుక మాంసంలో ఇంటి ఆడపిల్లకి ఇచ్చే తోక ఎముక, గుడ్డలో చుట్టి ఉంది. నువ్వు లేకపోయినా ఎవ్వరినీ ముట్టనివ్వలేదు.

కోపం తగ్గాక ఒక సలహా చెప్పు. పాత సమష్టి క్షేత్రం షెడ్డులో పాడైన లారీలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి తీసుకెళ్తే గిట్టుబాటు కాదు. ఒకేసారి రెండు ఎక్కాలంటే ఎంత పొడుగు కావాలి? పన్నెండు మీటర్లు సరిపోతుందా?

నీ తమ్ముడు
మెలిస్

కారా-బల్తా
1998 నవంబర్ 3

మెలిస్ గారికి,

సలాం. అక్టోబర్ 21న మీరు రాసిన ఉత్తరం అందింది.

మీరు అడిగిన కొలత. జిల్ లారీ పొడుగు ఆరు మీటర్ల అరవై ఏడు. రెండు వరసగా ఎక్కాలంటే, మధ్య ఖాళీతో కలిపి పద్నాలుగు మీటర్ల బల్ల కావాలి. పన్నెండు చాలదు. పద్నాలుగు మీటర్లది మీ సందులోకి రాదు, సరిహద్దు దారి మలుపుల్లో తిరగదు. కాబట్టి మా యార్డు అలాంటిది తయారు చెయ్యదు. మీకు ఇంకే కొలతలోనూ చెయ్యదు.

ఇప్పుడున్న ట్రెయిలర్ మీ దగ్గరే ఉంచుకోండి. దాని మీద ఒకసారి ఏం ఎక్కిందో నాకు తెలుసు, ఆ ట్రెయిలర్‌ని మళ్ళీ చూడలేను.

మీరు పంపిన ఎముక అదే డ్రైవర్ చేత, అదే గుడ్డలో వెనక్కి పంపుతున్నాను. అది ఇంటి ఆడపిల్లకి ఇచ్చేది. నేను ఇంకో ఇంటి మనిషినని పెద్దవాళ్ళు తేల్చారు కదా. బండి దగ్గర పరాయిదాన్నైతే ఎముక దగ్గర ఇంటిదాన్ని ఎలా అవుతాను?

మీరు నా ఉత్తరాన్ని అపార్థం చేసుకున్నారంటే నమ్మేదాన్ని. జూలైలో నేను పేరు రాయలేదు, సంతోషం తలకెక్కి చిన్నపిల్లలా దాగుడుమూతలాడాను. ఆ పాపంలో సగం నాదేనని ఇంకో పదేళ్ళు మిమ్మల్ని వెనకేసుకొచ్చేదాన్ని. కానీ సెప్టెంబరు ఉత్తరం వేడుక అయ్యాక అందిందని రాశారు. గొలుసులు అడ్డంగా కట్టమని నేను ఆ ఒక్క ఉత్తరంలోనే రాశాను. కంబళి ముక్కల మాట కూడా ఆ ఒక్కదాంట్లోనే. ఇనుము కింద ముక్కలు చేయించబోయే బండికి రంగు గీరుకోకుండా కంబళి ఎవరు పెడతారు? కచ్కిన్‌ని నేనేమీ అడగలేదు. అడగక్కర్లేదు.

మీరు చదివారు. బండి నా దగ్గరికి వస్తుందని నేను ఎదురు చూస్తున్నానని, ఇంజిన్ తెచ్చి పెట్టానని, గుమ్మడికాయ వేసి వండుతానని అన్నీ చదివారు. చదివి, అమ్మ దుప్పటి కత్తిరించి, నేను చెప్పినట్టే పదిలంగా కట్టి, దొలోన్ వైపు కాకుండా సరిహద్దు వైపు తిప్పారు. మీరు నన్ను మోసం చేశారు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో కూడా. పైకప్పు కారుతోందని, పిల్లాడి వేడుకని చెప్పి అడిగి ఉంటే తిట్టి, ఏడ్చి, ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఆ మాట ఎవరికీ అక్కర్లేదు.

ఇంజిన్ ఇంకా గోనెపట్టాలోనే ఉంది. పిండిమర ఆయన కొంటానన్నాడు, రేపు వచ్చి తీసుకెళ్తాడు.

ఈ గేటులోకి వచ్చిన ప్రతివాణ్ణీ ఏం ఎక్కిస్తావని అడుగుతాను, జవాబు చెప్పేదాకా ఇనుప ముక్క కొయ్యను. మిమ్మల్ని కూడా అడిగాను. మీ జవాబు కోసం మాత్రం ఆగలేదు, మీ బదులు నేనే చెప్పుకున్నాను, మీరు నా తమ్ముడని.

ఇట్లు
షార్కన్ సరీగులోవా
ట్రెయిలర్ల యార్డు, కారా-బల్తా